అవయవ మార్పిడి మీద పరిశోధనకు గ్రాంటు: హైదరాబాద్ నుంచి దరఖాస్తు ఎలా వేయాలి

కిడ్నీ, కాలేయం, గుండె, కార్నియా, చర్మం... మార్పిడి ఏదైనా కానివ్వండి, దాని మీద క్లినికల్ పరిశోధనకు డబ్బు అడిగే దరఖాస్తు ఎక్కువసార్లు దెబ్బతినేది పేషెంట్ల లెక్క దగ్గరే. ప్రశ్న బాగుంటుంది, చదివిన పేపర్లు బాగుంటాయి, మూడేళ్లలో 700 మందిని చేరుస్తామని రాస్తారు. తీరా చూస్తే ఆ ఆస్పత్రిలో ఏడాదికి జరిగేవి 80 మార్పిడులు. రివ్యూయర్ ఆ పేజీ దాటి ముందుకు వెళ్లడు. అందుకే ఫారం తెరిచే ముందు రిజిస్టర్ తెరవండి.

మొదట రిజిస్టర్

గత మూడేళ్ల ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ దగ్గరున్న జాబితా పక్కపక్కన పెట్టుకోండి. రెండూ ఒక్కలా ఉండవు. తేడా ఎక్కడుందో తేల్చుకున్నాకే అంకె రాయండి. బతికున్న దాతల నుంచి జరిగినవి, జీవన్‌దాన్ (బ్రెయిన్ డెడ్ అయిన జీవన్మృతుల అవయవాలను కేటాయించే రాష్ట్ర ప్రభుత్వ పథకం) ద్వారా వచ్చినవి వేరువేరుగా లెక్కపెట్టాలి. జీవన్మృతుల నుంచి అవయవాలు నెలనెలా సమంగా రావు. ఒక నెల ఐదు, ఆ తర్వాతి నెల సున్నా. సగటు తీసి నెలకు రెండున్నర అని రాస్తే కాగితం మీద చక్కగానే ఉంటుంది, వార్డులో అలా జరగదు.

ఉదాహరణకు ఒక ప్రశ్న తీసుకుందాం. కిడ్నీ మార్పిడి తర్వాత, కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ అనే మందు డోసును సీవైపీ3ఏ5 అనే జన్యువు చూసి నిర్ణయిస్తే మేలా, మామూలుగా బరువును బట్టి ఇస్తే చాలా? ఈ జన్యువు చురుగ్గా ఉన్నవారి శరీరం మందును త్వరగా కరిగించేస్తుంది. వారికి మొదటి డోసు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కావాల్సి వస్తుందని జన్యువులను బట్టి మందుల మోతాదు సూచించే అంతర్జాతీయ బృందం సీపీఐసీ 2015 మార్గదర్శకం చెబుతోంది.

ఏడాదికి 80 మార్పిడులు అనుకోండి. పిల్లలు, రెండోసారి మార్పిడి చేయించుకున్నవారు, హెపటైటిస్ ఉన్నవారు పోగా 60 మంది. అడిగిన ఐదుగురిలో నలుగురు ఒప్పుకుంటారనుకుంటే 48. మీ అసలు అంకె అది, 80 కాదు.

ఇప్పుడు ప్రధాన ఫలితం, అంటే ట్రయల్ ముఖ్యంగా కొలిచేది, ఎంచుకోవాలి. రిజెక్షన్ (శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించడం) 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గుతుందని చూపాలంటే, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) ఒక్కో వర్గానికి 325 మంది కావాలి. మధ్యలో తప్పుకునే 10 శాతాన్ని కలిపితే 362, రెండు వర్గాలకు 724. ఏడాదికి 48 చొప్పున అయితే పదిహేనేళ్లు. అదే పదో రోజున రక్తంలో మందు మోతాదు సరైన పరిధిలో ఉన్నవారు 40 శాతం నుంచి 60 శాతానికి పెరుగుతారని చూపాలంటే వర్గానికి 97 మంది, తప్పుకునేవారితో కలిపి 108. మొత్తం 216. అలాంటి మూడు ఆస్పత్రులు కలిస్తే ఏడాదికి 144 మంది, ఏడాదిన్నరలో పని అవుతుంది.

ఇలా ఫలితాన్ని మార్చుకోవడం చాలామందికి రాజీ పడినట్టు అనిపిస్తుంది. కానీ పూర్తికాని పెద్ద ట్రయల్ కంటే పూర్తయ్యే చిన్న ట్రయల్‌కే గ్రాంటు కమిటీ డబ్బిస్తుంది. రిజెక్షన్‌ను ద్వితీయ ఫలితంగా ఉంచి, దాని మీద తేల్చిచెప్పే శక్తి ఈ ట్రయల్‌కు లేదని మీరే రాసేయండి. వాళ్లు పట్టుకునేలోపు మీరు ఒప్పుకుంటే అది లోపంగా లెక్కలోకి రాదు.

ఇంకో ప్రశ్న ఖాయంగా వస్తుంది: ‘ఇది యూరప్‌లో చేసేశారు కదా, మళ్లీ ఎందుకు?’ దీనికి ‘భారతీయుల్లో చేయలేదు’ అన్న ఒక్క వాక్యం సరిపోదు. మన దగ్గర వాడేవి ఎక్కువగా జెనరిక్‌లు, పేషెంటుకు నెలనెలా బ్రాండు మారిపోవచ్చు, జన్యు పరీక్ష ఖర్చు ఎవరు భరిస్తారో తెలియదు. ఈ మూడింట్లో మీ ట్రయల్ దేనికి జవాబు ఇస్తుందో చెప్పండి.

కార్నియా దారి కొంచెం సులువు. కంటి బ్యాంకుల్లో సంఖ్య పెద్దది, ఒక్క చోటే ట్రయల్ పూర్తి చేయొచ్చు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలోని రామాయమ్మ అంతర్జాతీయ కంటి బ్యాంకు లాంటిది ఊళ్లోనే ఉంది. కాలిన గాయాలకు చర్మం విషయంలో ఉస్మానియా ఆస్పత్రిలో స్కిన్ బ్యాంకు ఉంది. అక్కడ దాతల సంఖ్యే అసలు అడ్డంకి.

ఎవరిని అడగాలి

ఇలాంటి ట్రయల్‌కు మొదటి తలుపు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి). ఇటీవలి కాల్స్‌లో పరిశోధకులే ప్రశ్న తెచ్చుకునే పథకంలో స్మాల్ గ్రాంటు 2 కోట్ల వరకు, ఇంటర్మీడియట్ గ్రాంటు 2 నుంచి 8 కోట్ల వరకు ఇచ్చారు. దరఖాస్తు వారి ఈపీఎంఎస్ పోర్టల్‌లో. పై ఉదాహరణ స్మాల్ గ్రాంటులోనే ఇమిడిపోతుంది. కొత్త పరికరమో, అవయవాన్ని భద్రపరిచే యంత్రమో తయారుచేసే స్టార్టప్ అయితే బయోటెక్ స్టార్టప్‌లకు డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బిగ్ పథకం చూడండి, 50 లక్షల వరకు, 18 నెలలకు. ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది గానీ, వారు ఫెలోషిప్ ఇచ్చేది ప్రాజెక్టును చూసి కాదు, మనిషిని చూసి. వారంలో నాలుగు రోజులు ఓటీలో ఉండే సర్జన్‌కు అది పొసగదు. పరిశోధనకు సమయం కేటాయిస్తామని ఆస్పత్రి రాసిచ్చే యువ నెఫ్రాలజిస్టుకు బాగా సరిపోతుంది.

ప్రైవేటు ఆస్పత్రి వాళ్లు ఇక్కడే ఒకసారి ఆగాలి. ఐసీఎంఆర్ లాంటి సంస్థలు ప్రైవేటు సంస్థకు డబ్బివ్వాలంటే డీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం) గుర్తింపు పత్రం అడుగుతాయి. దాని గడువు తేదీ ఈరోజే చూసుకోండి. మీ ఆస్పత్రి కార్పొరేట్ కంపెనీ పేరు మీద ఉండి, గుర్తింపు మాత్రం అనుబంధ ట్రస్టు పేరు మీద ఉంటే, దరఖాస్తు ట్రస్టు పేరు మీదే పోవాలి. బ్యాంకు ఖాతా, పీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ నిధులు పంపే కేంద్ర పోర్టల్) రిజిస్ట్రేషన్ కూడా అదే పేరుతో ఉండాలి. పేరులో ‘ప్రైవేట్ లిమిటెడ్’ అన్న రెండు మాటల తేడా వచ్చినా మంజూరైన డబ్బు నెలల తరబడి కదలదు.

విదేశీ సంస్థ డబ్బయితే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అంటే మూడు ఆస్పత్రుల ట్రయల్‌లో మీరు అందుకుని మిగతా ఇద్దరికీ పంచడం కుదరదు. దీనికితోడు విదేశీ భాగస్వామ్యం ఉన్న పరిశోధనకు ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. ఇన్ని చిక్కులున్నాయి కనుక మొదటిసారి వేసేవాళ్లు దేశీ గ్రాంటుతో మొదలుపెట్టడమే మంచిది.

చట్టం, అంగీకారం

మానవ అవయవ మార్పిడి చట్టం 1994 నాటిది, 2011లో సవరించి కణజాలాలనూ చేర్చారు, నియమాలు 2014లో వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1995 నాటి సొంత చట్టం ఉండేది. కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో తీర్మానం చేసింది. పాత ప్రోటోకాల్‌ను కాపీ చేసి దిద్దుకుంటుంటే ‘1995 చట్టం ప్రకారం’ అన్న వాక్యం అందులో ఉండిపోతుంది, వెతికి తీసేయండి.

జీవన్మృతుడి కుటుంబం సంతకం చేసే ఫారం 8 అవయవదానానికి ఇచ్చే అంగీకారం. దాన్నే పరిశోధనకు అంగీకారం అనుకోవద్దు. మార్పిడికి పనికిరాదని పక్కనపెట్టిన అవయవం మీద పని చేయాలన్నా, దాత రక్తం ఒక గొట్టం అదనంగా తీయాలన్నా ఎథిక్స్ కమిటీ ఆమోదించిన వేరే పత్రం కావాలి. జీవన్‌దాన్ దగ్గరున్న సమాచారం కావాలంటే నిమ్స్‌లోని వారి కార్యాలయానికి ఎథిక్స్ కమిటీ ఉత్తరం జతచేసి రాయండి. ఏ కాలమ్‌లు కావాలో, పేర్లు తీసేసి ఇస్తే చాలో లేదో అందులోనే చెప్పండి. ‘మొత్తం డేటా’ అని అడిగినవారికి ఏదీ రాదు.

మందు ట్రయల్ అయితే మీ ఎథిక్స్ కమిటీకి సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్, మందులతో సంబంధం లేని పరిశోధన అయితే నైతిక్ పోర్టల్‌లో డీహెచ్‌ఆర్ (కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇప్పటికే అనుమతి ఉన్న మందును కొత్త డోసులో, అమ్మకాల కోసం కాకుండా పరిశోధన కోసమే పరీక్షిస్తే అది 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల కింద అకడమిక్ ట్రయల్. మన ఉదాహరణ అదే. కమిటీ ఆమోదం చాలు, డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి వేరే అక్కర్లేదు. మూడు ఆస్పత్రుల్లో ఒకదానికి సొంత కమిటీ లేకపోతే అదే నగరంలోని, లేదా 50 కిలోమీటర్ల లోపలి కమిటీ పరిశీలించొచ్చు. ఆమోదం వచ్చాక, మొదటి పేషెంటును చేర్చకముందే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో రిజిస్టర్ చేయాలి. చేరిక మొదలైపోయాక చేయడం కుదరదు, 2018 ఏప్రిల్ నుంచి వాళ్లు తీసుకోవడం లేదు. వాళ్లు ప్రశ్నలు పంపుతారు, జవాబులు రాయడానికి కొన్ని వారాలు పెట్టుకోండి.

అంగీకార పత్రం తెలుగు, ఉర్దూ, హిందీ మూడింట్లో ఉండాలి. పాతబస్తీ నుంచి వచ్చే కుటుంబానికి తెలుగు పత్రం చదివి వినిపించి సంతకం పెట్టిస్తే ఆ సంతకానికి విలువ లేదు. తెలుగు పత్రంలో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది: ‘మీరు యాదృచ్ఛికంగా రెండు సమూహాలలో ఒకదానికి కేటాయించబడతారు.’ కరీంనగర్ నుంచి వచ్చిన రైతుకు ఇందులో ఒక్క ముక్కా అర్థం కాదు. ఇలా రాయండి: ‘మీకు మందు ఏ పద్ధతిలో ఇవ్వాలో డాక్టరు ఎంచుకోరు, మీరూ ఎంచుకోరు. బొమ్మా బొరుసూ వేసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. రెండు పద్ధతుల్లో ఏది మేలో ఇంకా తెలియదు, అది తెలుసుకోవడానికే ఈ పరిశోధన.’ రిజెక్షన్ అన్న మాటకు ‘కొత్త కిడ్నీని ఒంట్లోని రక్షణ శక్తి పరాయిదనుకుని దెబ్బతీయడం’ అని ఒకసారి విడమరిచి, ఆ తర్వాత రిజెక్షన్ అనే రాసుకోండి. వాళ్లు డాక్టర్ల నోట వినేది ఆ మాటే.

అంగీకారం అడిగే మనిషి ఆపరేషన్ చేసిన సర్జన్ కాకూడదు. కిడ్నీ పెట్టిన దేవుడిని కాదనడం ఎవరివల్లా కాదు. అడిగే బాధ్యత కోఆర్డినేటర్‌దో, వైద్యంలో పాలుపంచుకోని డాక్టరుదో అని ప్రోటోకాల్‌లోనే రాస్తే రివ్యూయర్ దాన్ని గమనిస్తాడు. బతికున్న దాత నుంచి కూడా రక్తం తీస్తుంటే ఆ దాత కూడా మీ పరిశోధనలో భాగమే, అతనికి విడిగా పత్రం ఉండాలి.

బడ్జెట్

ముందుగా రెండు కాలమ్‌లు గీయండి: పరిశోధన లేకపోయినా జరిగే పరీక్షలు, పరిశోధన కోసమే జరిగేవి. గ్రాంటు నుంచి రెండో కాలమ్ మాత్రమే అడగాలి. ఒక్కో పేషెంటుకు ఆరు టాక్రోలిమస్ లెవల్స్ చేస్తామని 216 మందికి 1,296 పరీక్షలు రాసేస్తారు. అందులో నాలుగు ఎలాగూ చేసేవే. అదనంగా సెంట్రల్ ల్యాబ్‌కు పంపేవి పదో రోజుది, మూడో నెలది అయితే 432. మళ్లీ చేయాల్సి వచ్చేవాటికి 5 శాతం కలిపితే 454. ల్యాబ్ కొటేషన్ 1,200 రూపాయలు అనుకుంటే 5,44,800. ఆరోగ్యశ్రీ కింద ఉన్న పేషెంటుకు ప్యాకేజీలోనే వచ్చే పరీక్షను గ్రాంటు మీద కూడా చూపిస్తే అది ఆడిట్‌లో దొరుకుతుంది, అప్పుడు సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

జీతాలు ఐసీఎంఆర్ పట్టిక ప్రకారమే. మెడికల్ ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్-1 కు నెలకు 67,000, ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్-3 కి 28,000, పైన ఇంటి అద్దె భత్యం. హైదరాబాద్ ఎక్స్ శ్రేణి (ప్రభుత్వ లెక్కలో పెద్ద నగరాల శ్రేణి) నగరం కనుక అది 30 శాతం. ఒక సైంటిస్టు 87,100 చొప్పున 36 నెలలకు 31,35,600. మూడు ఆస్పత్రులకు ఒక్కో టెక్నికల్ సపోర్ట్ 36,400 చొప్పున 39,31,200. కాల్‌తో పాటు పట్టిక కొత్తది వస్తే దాని ప్రకారం మార్చండి. ప్రతి ఆస్పత్రిలో మనిషి తప్పనిసరి, ఒక్కడే బండి మీద మూడుచోట్లా తిరుగుతాడని రాస్తే ఎవరూ నమ్మరు. పంజాగుట్ట నుంచి సికింద్రాబాద్ పొద్దున్న తొమ్మిదింటికి వెళ్లి చూసినవాడు అసలే నమ్మడు.

పేషెంటు దారి ఖర్చులు మరిచిపోవద్దు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా అని వారి పద్దు కొట్టేయకండి. తోడొచ్చే మనిషి టికెట్, భోజనం, కోల్పోయిన కూలీ ఉంటాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యానికి, పరిహారానికి బీమా పద్దు విడిగా చూపండి. దాతకు వ్యతిరేకంగా పుట్టే యాంటీబాడీల పరీక్ష ఉంటే దానికి వాడే లూమినెక్స్ కిట్లు చాలా ఖరీదు, గడువూ తక్కువ. మూడేళ్లకు ఒకేసారి కొంటామని రాయకండి, ఆర్నెల్లకోసారి కొనేలా విడగొట్టండి. మైనస్ 80 ఫ్రీజర్ అడిగితే దానికి జనరేటర్ లైను ఉందని ఆస్పత్రి ఇంజినీరు సంతకంతో ఒక కాగితం జతచేయండి. చిన్న విషయమే, ఎంతో నమ్మకం తెస్తుంది.

రక్తం తీసే వేళ

ఇలాంటి ట్రయల్ డేటా పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. టాక్రోలిమస్ ట్రఫ్ లెవల్ అంటే రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందు తీసిన రక్తం. మహబూబ్‌నగర్ నుంచి తెల్లవారుజామున బస్సెక్కిన పేషెంటు ‘డాక్టర్ టైముకు వేసుకోమన్నారు’ అని దారిలోనే మాత్ర మింగేస్తాడు. పది గంటలకు తీసిన రక్తంలో లెవల్ ఎక్కువగా కనిపిస్తుంది, డాక్టరు డోసు తగ్గిస్తాడు, వారం తర్వాత చూస్తే బాగా పడిపోయి ఉంటుంది. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి ‘రేపు రక్తం ఇచ్చాకే మాత్ర’ అని చెప్పే పని టెక్నికల్ సపోర్ట్‌కు అప్పగించండి. శాంపిల్ ఫారం మీద ‘చివరి మాత్ర ఎన్ని గంటలకు’, ‘ఏ బ్రాండు’ అని రెండు గళ్లు పెట్టండి. ఆ గళ్లు ఖాళీగా ఉన్న శాంపిల్‌ను ల్యాబ్ వెనక్కి పంపాలి.

రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టంలో, విడదీయకుండా, పూర్తి రక్తమే పోవాలి. సీరం పంపితే పనికిరాదు, ఎందుకంటే ఈ మందు చాలావరకు ఎర్ర రక్తకణాల్లోనే ఉంటుంది. యాంటీబాడీ పరీక్షకు దీనికి తలకిందులు: సీరం విడదీసి ఫ్రీజ్ చేయాలి. మూడు ఆస్పత్రులూ తమ తమ ల్యాబుల్లో చేస్తామంటే ఒప్పుకోకండి. ఇమ్యునోఅస్సే పద్ధతి మందు తాలూకు విరిగిన ముక్కలను కూడా లెక్కపెట్టి, మాస్ స్పెక్ట్రోమెట్రీ కంటే ఎక్కువ చూపిస్తుంది. పద్ధతులు కలిస్తే ఏది మందు తేడానో, ఏది యంత్రం తేడానో విడదీయలేరు. సెంట్రల్ ల్యాబ్‌కు డబ్బెందుకని అడిగితే ఈ ఒక్క కారణం చాలు.

పంపాక, వచ్చాక

కాలపట్టిక ఇలా వేస్తే నిలబడుతుంది: మొదటి ఆరు నెలలు నియామకాలు, మిగతా రెండు ఆస్పత్రుల ఎథిక్స్ కమిటీల ఆమోదం, సీటీఆర్‌ఐ. తర్వాత 18 నెలలు చేరిక. చివరిగా చేరినవారి ఆర్నెల్ల విజిట్లకు ఆరు నెలలు. విశ్లేషణకు ఆరు. మొదటి నెలలోనే చేరిక మొదలవుతుందని రాసిన దరఖాస్తు చూస్తే, రాసినవాళ్లు ఎప్పుడూ మనుషుల్ని నియమించుకోలేదని తెలిసిపోతుంది.

సంస్థ అధిపతి సంతకానికి వారం ముందే ఫైలు పెట్టండి. చివరి రోజు సాయంత్రం పోర్టల్ నెమ్మదిస్తుంది, ఆ సమయానికే డైరెక్టరు ఊళ్లో ఉండరు. తోటి ఆస్పత్రుల నుంచి ‘సహకరిస్తాం’ అన్న ఉత్తరం చాలదు. ఏడాదికి ఎంతమందిని చేరుస్తారో అంకెతో రాయించుకోండి.

డబ్బు మొదటి విడత వచ్చాక రెండో విడత మీ వినియోగ ధ్రువపత్రం మీద ఆధారపడి ఉంటుంది. అది కేంద్ర ఆర్థిక నియమాల (జీఎఫ్ఆర్) 12-ఏ ఫారంలో, ఖర్చుల పట్టికతో, అకౌంట్స్ విభాగం సంతకంతో పోవాలి. మార్చి 31 దాటాక మొదలుపెడితే జూలై అవుతుంది, అప్పటికి ఖాతా ఖాళీ, నలుగురు ఉద్యోగుల్లో ఇద్దరు వేరేచోట చేరిపోయి ఉంటారు. ఫిబ్రవరిలోనే చిత్తు పత్రం తయారుచేసి అకౌంట్స్‌కు చూపించండి. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకు వాడాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, ఖర్చయ్యాక అడిగితే రాదు. ఖాతాలో పడిన వడ్డీ మీది కాదు, తిరిగి కట్టాల్సిందే.

పేషెంటుకు తీవ్రమైన ఇబ్బంది వస్తే 24 గంటల్లో ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. మార్పిడి పేషెంట్లు ఏదో ఒక ఇన్‌ఫెక్షన్‌తో తరచూ ఆస్పత్రిలో చేరుతూనే ఉంటారు, ప్రతి చేరికా లెక్కలోకి వస్తుంది. ఈ రిపోర్టులు రాసే పని ఎవరిదో పేరు పెట్టి రాసుకోకపోతే మూడో నెలకే పేరుకుపోతాయి.

ముగింపు లెక్కలు పంపేటప్పుడు ఫ్రీజర్‌లో మిగిలిన శాంపిళ్ల సంగతి కూడా తేల్చాలి. అంగీకార పత్రంలో ‘భవిష్యత్ పరిశోధనకు దాచుకోవచ్చు’ అన్న గడిలో టిక్ పెట్టినవారివి మాత్రమే ఉంచండి. మిగతావి పారేసి, ఆ తేదీ రిజిస్టర్‌లో రాసి, ఇద్దరి సంతకాలు తీసుకోండి.